మూడేళ్లలోపు పిల్లలకు దిక్కెవరు?

అంగన్‌వాడీ కేంద్రంలో నెలనెలా బిడ్డ బరువు తూస్తారు, ఎత్తు కొలుస్తారు, ఆ అంకెలు కార్యకర్త ఫోన్‌లోని పోషణ్ ట్రాకర్ యాప్‌కు ఎక్కుతాయి. ఆ బిడ్డను రోజులో ఎవరైనా ఒళ్లో కూర్చోబెట్టుకుని మాట్లాడారా లేదా అని రాసుకునే గడి మాత్రం అందులో ఎక్కడా లేదు. తిండి, టీకాలతో పాటు మూడేళ్లలోపు బిడ్డకు తప్పనిసరిగా అందాల్సిన మూడోది మనిషి ధ్యాస. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎందరో పసివాళ్లకు అదే కరువైంది. అయినా అది ఏ శాఖ లెక్కలోకీ రావడం లేదు.

ఈ రెండు జిల్లాల్లో వలస ఎరగని ఊరు అరుదు. హైదరాబాద్, విజయవాడ, చెన్నై నగరాల్లో భవన నిర్మాణ పనులకు దంపతులిద్దరూ వెళ్లిపోతే, చంటిపిల్లలు నాన్నమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో మిగిలిపోతారు. తీరగ్రామాల మగవాళ్లు వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. 2018 నవంబరులో అలా వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. వారు పట్టుబడేనాటికి ఇంట్లో ఆరు నెలల పాప ఉండి ఉంటే, తండ్రి తిరిగొచ్చేసరికి ఆమెకు ఇరవై నెలలు నిండుతాయి. నడక వచ్చేదీ, మాట పుట్టేదీ ఆ నడిమి కాలంలోనే. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు మరో చిక్కు తెచ్చిపెట్టింది. మనవడిని చూసుకోవాల్సిన పెద్దలే డయాలసిస్‌కు తిరుగుతుంటే ఆ రోజుల్లో పసివాడు పక్కింటివారి దయ మీద ఉండాల్సిందే.

పలాస–కాశీబుగ్గలో వలసతో పనిలేకుండానే ఇదే పరిస్థితి కనిపిస్తుంది. అక్కడి జీడి పరిశ్రమలు చాలావరకు ఆడవాళ్ల కాయకష్టం మీదే నడుస్తున్నాయి. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె తగిలితే పెద్దవాళ్ల చేతులే బొబ్బలెక్కుతాయి. అలాంటి చోట పాలు తాగే బిడ్డను పక్కన పడుకోబెట్టుకోవడం ఏ తల్లికైనా సాధ్యం కాదు. అందుకే బిడ్డ తొమ్మిది పదేళ్ల అక్క చంకకు చేరుతుంది. అక్కకు బడి పోతుంది, తమ్ముడికి అమ్మ దూరమవుతుంది. ఒక్క శిశు సంరక్షణ కేంద్రం లేనందువల్ల ఇద్దరు పిల్లలు నష్టపోతున్నారు.

బిడ్డ ‘ఉంగా’ అంటే ‘ఏటమ్మా, ఏటి కావాలి’ అని ఎవరో ఒకరు బదులివ్వడం చూడ్డానికి ముద్దుముచ్చటలానే ఉంటుంది. నిజానికి మెదడులోని నాడీకణాల నడుమ బంధాలు గట్టిపడేది ఈ ఇచ్చిపుచ్చుకోవడంతోనే. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని 2020 నాటి జాతీయ విద్యావిధానమే చెబుతోంది. ఏడ్చినా ఎవరూ రాని బిడ్డ కొన్నాళ్లకు ఏడుపు మానేస్తుంది. ‘బుద్ధిమంతుడు, అల్లరి లేదు’ అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు కూడా. ఆ మౌనమే మాట ఆలస్యం కావడంగా, దేని మీదా దృష్టి నిలవకపోవడంగా, చిన్నదానికే బెదిరిపోవడమో తిరగబడటమోగా తర్వాత బయటపడుతుంది. ఒకటో తరగతిలో చేరాక అతడికి ‘మొద్దు’ అనే పేరు స్థిరపడుతుంది. మూలం మూడేళ్ల కిందట ఉందన్న సంగతి అప్పటికి ఎవరికీ తట్టదు.

తిండి ఉండి ఆదరణ లేకపోతే ఏమవుతుందో రుమేనియా చూపింది. 1989 డిసెంబరులో నియంత చౌషెస్కు పాలన కూలేనాటికి అక్కడి ప్రభుత్వ శరణాలయాల్లో లక్షకు పైగా పిల్లలు ఉన్నారు. 2000లో బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనంలో అలాంటి 136 మంది పసివాళ్లను తీసుకుని సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. కుటుంబాల్లోకి వెళ్లినవారి తెలివితేటలు శరణాలయాల్లో మిగిలినవారికంటే మెరుగుపడ్డాయి. ఎంత చిన్న వయసులో వెళ్తే అంత మేలు జరిగింది. రెండేళ్లు దాటాక వెళ్లినవారికి ఆ లోటు సరిగా పూడలేదు. మన నాన్నమ్మల ఒడిని ఆ శరణాలయాలతో పోల్చడం మా ఉద్దేశం కాదు. ఆ ఒడే లేకపోతే చాలామంది పిల్లల గతి ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. అయితే అరవై ఏళ్లు పైబడి, కీళ్ల నొప్పులతో, ఇంటిపని, పశువుల పని చూసుకుంటూ ముగ్గురు మనవల్ని సాకే మనిషికి ఓపిక ఎంతని మిగులుతుంది? పేదరికంతో సంబంధం లేని నిరాదరణ కూడా ఉంది. విజయనగరం అపార్టుమెంట్లలో ఫోన్ చూపిస్తే గానీ ముద్ద మింగని పిల్లలున్న ఇళ్లు తమను తాము ఈ లెక్కలోంచి మినహాయించుకోనక్కర్లేదు.

2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, సంరక్షణలో ఉన్న పిల్లలను ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేయడం మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. క్రూరుల విషయంలో అది అవసరమే. కూలికి పోయిన తల్లిని మాత్రం ఆ కంటితో చూడటం అన్యాయం. ఆమె బిడ్డకు కావాల్సింది ఆ వేళకు మరో మనిషి. జమైకాలో 1980లలో జరిగిన ప్రయోగం దీన్ని నిరూపించింది. కింగ్‌స్టన్ పేటల్లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది శిశువుల్లో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్లు వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతోనే ఆటబొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన తక్కినవారికంటే 25 శాతం దాకా ఎక్కువగా తేలింది. అదే ప్రయోగంలో పోషకాహారం ఒక్కటే అందుకున్నవారికి దీర్ఘకాలిక మేలు కనిపించలేదు. జమైకా మనకు దూరమనుకుంటే, ఇచ్ఛాపురం దాటగానే వచ్చే ఒడిశాలోనే కటక్ మురికివాడల్లో 400 మందికి పైగా పిల్లలతో ఇదే పద్ధతిని పరీక్షించారు. వారి గ్రహణశక్తి మెరుగుపడింది.

మన అంగన్‌వాడీ వ్యవస్థ మూడేళ్లు నిండిన పిల్లలను రోజూ కేంద్రానికి రమ్మంటుంది. అంతకంటే చిన్నవారికి ఇచ్చేది ప్రధానంగా ఇంటికి తీసుకెళ్లే బాలామృతం ప్యాకెట్టు, గుడ్లు, పాలు. అసలైన వయసంతా ఆ ప్యాకెట్టుతోనే గడిచిపోతోంది. ఇళ్లకు వెళ్లి చూడాలని కార్యకర్తల విధుల్లో ఉన్నా, వంట, రిజిస్టర్లు, యాప్‌లు, సర్వేల తర్వాత దానికి పొద్దు చాలదు. చాలీచాలని గౌరవవేతనంపై 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సమ్మె చేసినవారికి జీతం పెంచకుండా మరో బాధ్యత మోపడం కూడదు. ప్రతి కేంద్రానికీ మూడేళ్లలోపు పిల్లల కోసమే అదనంగా ఒక మనిషిని నియమించాలి. తల్లిదండ్రులు వలసపోయిన పిల్లలెందరో గ్రామ సచివాలయం వద్ద జాబితా ఉండాలి. ఆ ఇళ్లకు వారానికోసారి వెళ్లి రావాలి. పలాసలో పని వేళలకు సరిపోయేలా కేంద్ర ప్రభుత్వ ‘పాల్నా’ పథకం కింద శిశు సంరక్షణ కేంద్రాలు తెరిచి, అందులో పరిశ్రమల యజమానుల వాటా కూడా రాబట్టాలి.

డబ్బు లేదన్న మాట ఇక్కడ చెల్లదు. యాభై మందికి మించి మహిళలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్లలోపు పిల్లలకు వసతి ఉండాలని 1996 నాటి చట్టమే చెప్పింది. కార్మికుల సంక్షేమానికి నిర్మాణ వ్యయంపై సెస్సు విధించిన చట్టం కూడా ఆ ఏడాదిదే. 2025 నవంబరులో ఈ రెండింటి స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అయితే శ్రీకాకుళం దంపతులు హైదరాబాద్‌లో కట్టే భవనంపై వసూలయ్యే సెస్సు తెలంగాణ సంక్షేమ మండలికి చేరుతుంది, వారి బిడ్డ మాత్రం కంచిలిలోనో కవిటిలోనో ఉంటుంది. ఆ సొమ్ములో కొంత వలస కార్మికుల సొంతూళ్లలోని శిశు సంరక్షణకు మళ్లేలా రెండు రాష్ట్రాల సంక్షేమ మండళ్లు ఒప్పందం కుదుర్చుకోవాలి. ఆ చర్చకు ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖే చొరవ తీసుకోవాలి, ఈ రెండు జిల్లాల శాసనసభ్యులు దాన్ని వచ్చే సమావేశాల్లోనే సభ ముందుకు తేవాలి.