సవరణ: మేడారం పోవడానికి జ్వరం అక్కర్లేదు

హన్మకొండ బట్టల షాపుల్లో పనిచేసే పిల్లల గురించి మొన్న రాస్తూ, "వాళ్లకు ఏడాదికి 12 రోజులే సెలవు, అదీ జబ్బు చేస్తేనే. జాతరకు పోవాలంటే జ్వరం తెచ్చుకోక తప్పదు" అన్నాను. తప్పు రాశాను. దుకాణాలు, సంస్థల చట్టం (1988) 30వ సెక్షన్‌లో ఒక్క ముక్కే చదివి ఆగిపోయాను. జబ్బుకు 12 రోజులు నిజమే. కానీ దానికి తోడు, సరైన కారణం ఏదైనా సరే, మరో 12 రోజులు క్యాజువల్ లీవు ఉంది, జీతంతోనే. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకు మరుసటి ఏడాది ఇంకో 15 రోజులు అదనం. మేడారం జాతర నాలుగు రోజులు, అదీ రెండేళ్లకోసారి. లెక్క సరిపోయి మిగులుతది.

నేను షాపులో పనిచేసేటప్పుడే ఇది తెలిసుంటే బాగుండేది. ఒకసారి గొంతు బొంగురు చేసి ఫోన్లో "జ్వరం సార్" అని చెప్పి జాతరకు పోయాను. తిరిగొచ్చిన రోజు అలవాటుకొద్దీ అమ్మవార్ల బంగారం, అదే బెల్లం, షాపంతా పంచాను. మొదటి ముక్క సేటు చేతిలోనే పెట్టాను!

సెలవు అడిగితే జీతం కోసే సేట్లు ఉన్నారని కూడా మొన్న రాశాను. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.