ఆన్ అయిందా, అధ్యక్షా?

కొత్త సభ్యుడు లోక్‌సభలో తొలిసారి మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డు తగలకూడదన్నది పాత మర్యాద. మా బావగారి విషయంలో ఆ మర్యాదకు ఏ లోటూ రాలేదు. అడ్డు తగలాలంటే ముందు ఆయన మాట వినపడాలి కదా!

బడ్జెట్ చర్చలో మాట్లాడమని పార్టీ ఆయన పేరిచ్చింది. పద్యంతో మొదలుపెట్టాలా, అంకెలతోనా అని ఇంట్లో రెండు వర్గాలు తయారయ్యాయి. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేని బావగారు రెండూ పెట్టారు. మొత్తం పద్నాలుగు పేజీలు. రిహార్సల్స్‌లో మా అక్కే స్పీకర్. గంట బదులు గ్లాసు మీద చెంచాతో కొట్టి "ఇక కూర్చోండి" అనేది. ఈయన వాక్యం ఎక్కడుంటే అక్కడ వదిలేసి కూర్చునేవారు. అది రిహార్సల్‌లో వచ్చిన అలవాటు కాదు, పాతదే.

చర్చకు కేటాయించిన సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. బావగారి పార్టీ వాటాలో పెద్దలు పంచుకోగా మిగిలింది నాలుగు నిమిషాలు. అదీ పొద్దుపోయాక. అప్పటికి ఆయన రాసుకున్న అంకెలన్నీ వేరేవాళ్లు చెప్పేశారు. పద్యం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

కొత్త భవనంలో లోక్‌సభ హాలు 888 మంది కూర్చునేంత పెద్దది. ఉన్న సభ్యులే 543. ఆ సాయంత్రానికి వాళ్లలోనూ చాలామంది వెళ్లిపోయారు. బావగారి సీటు వెనకెక్కడో ఉంది. ముందు వరసలో ఓ పెద్దాయన లేచి వెళ్లగానే, అక్కడైతే టీవీలో బాగా కనపడతానని ఈయన వెళ్లి కూర్చున్నారు. ఆ ఆలోచన ఎవరిచ్చారో ఇప్పటికీ చెప్పరు. నాకు మా అక్క మీదే అనుమానం.

పేరు పిలిచారు. బావగారు లేచి, వంగి నమస్కారం చేసి పద్యం అందుకున్నారు. చెయ్యి పైకి లేస్తోంది, పెదవులు కదులుతున్నాయి, నుదుటి మీద చెమట మెరుస్తోంది. టీవీ ముందున్న మాకు మాత్రం ఒక్క ముక్క వినపడలేదు. సభలో ఎవరి సీటుకు ఆ మైకే. పేరు పిలిచాక ఆ సభ్యుడి మైకు ఆన్ చేస్తారు. ఎవరి సీట్లోంచి వాళ్లే మాట్లాడాలన్న నియమం కూడా ఉంది. కాబట్టి ఎక్కడో వెనక, ఖాళీ కుర్చీ ముందు ఆయన మైకు బుద్ధిగా వెలుగుతూ ఉంది.

పక్కాయన చొక్కా పట్టి లాగాక విషయం అర్థమైంది. కాగితాలు గుండెకు హత్తుకుని వెనక్కి పరిగెత్తారు. రొప్పుతూ మైకు దగ్గరికి వంగి అడిగారు: "ఆన్ అయిందా?"

అయింది. దేశమంతా విన్నది.

తెలుగులో మాట్లాడితే హెడ్‌ఫోన్లలో అప్పటికప్పుడు అనువాదం వస్తుంది. లోపల కూర్చున్న అనువాదకుడు తన ధర్మం తాను నిర్వర్తించాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఓ ఉత్తరాది సభ్యుడు ఆ ప్రశ్న తననే అడిగారనుకుని చెయ్యెత్తి "హాఁ జీ" అన్నాడు. సభ గొల్లుమంది.

పోయిన నిమిషాన్ని రాబట్టే కంగారులో బావగారు సూటిగా పాత ప్రభుత్వం మీద పడ్డారు. ఏం మాట్లాడినా అధ్యక్ష స్థానాన్ని ఉద్దేశించే మాట్లాడాలని ఎవరో గట్టిగా చెప్పి పంపారు. అందుకని ప్రతిపక్షం వైపు చూడకుండా, అధ్యక్ష స్థానంలో ఉన్నావిడ కళ్లలోకి చూస్తూ, "అధికారంలో ఉన్నన్నాళ్లూ మీరు ఎంత తిన్నారో లెక్క చెప్పండి సార్!" అన్నారు. స్పీకర్ లేని వేళల్లో ప్యానెల్ సభ్యులొకరు సభ నడుపుతారు. ఆ పూట నడుపుతున్నది ఓ పెద్దావిడ. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "మీ తొలి ప్రసంగమని ఊరుకుంటున్నాను" అని గంట కొట్టారు. "మిగతాది టేబుల్ మీద పెట్టేసి, ఇక కూర్చోండి" అన్నారు.

ఆడగొంతు, గంట, కూర్చోమన్న మాట. "అందుచేత రైతులకు..." అంటూ బావగారు టక్కున కూర్చున్నారు.

ఆ రాత్రి ఫోన్లో ఒకటే గోల. "ఏరా, ఆ ఆన్ అయిందా అన్నది రికార్డుల్లోంచి తీసేయిస్తే?" అని. సభాపతి తొలగించగలిగేది పరువు తీసేవి, అసభ్యమైనవి, సభా మర్యాదకు, హుందాతనానికి తగనివి అయిన మాటలనే. బావగారు అన్నది ఈ లెక్కలో దేనికిందికీ రాదు. కాబట్టి ఆయన తొలి పలుకుగా అదే ఉంటుంది. దాని వెనకాల, టేబుల్ మీద పెట్టిన పేజీలన్నీ అచ్చవుతాయి.

ఊరడించడానికి డిజ్రేలీ సంగతి చెప్పాను. 1837 డిసెంబరు 7న బ్రిటిష్ కామన్స్ సభలో ఆయన తొలిసారి మాట్లాడితే నవ్వులతో, కేకలతో ముంచెత్తారు. మీరు నా మాట వినే రోజు వస్తుందని చెప్పి కూర్చున్నాడు. 1868లో ప్రధానమంత్రి అయ్యాడు.

బావగారు కాసేపు ఆలోచించారు. "ఆయన మైకు పనిచేసిందా?"

"అప్పటికి మైకుల్లేవు బావగారూ."

"అదీ, అదృష్టమంటే!"

ఇంతలో వాళ్లమ్మగారు ఫోన్ లాక్కున్నారు. ఆవిడ టీవీలో మొదటి నుంచి చివరిదాకా చూశారట. ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ఒక్క సందేహం తప్ప. "అన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదరా నాయనా, పిల్లాణ్ణి అంతసేపు నిలబెట్టడమెందుకు?"