సాక్షి కంటే ముందు పుట్టిన అమ్మ

అమెరికాలో ఉన్న కొడుక్కి పౌరసత్వం వచ్చిందన్న కబురు గుంటూరు బ్రాడీపేటలో ఓ ఇంటికి చేరితే జరిగే మొదటి పని పూతరేకులు పంచడం. రెండోది అటక మీంచి ట్రంకు పెట్టె దింపడం. పూతరేకులు అరగంటలో అయిపోతాయి. ట్రంకు పెట్టె మాత్రం హాలు మధ్యలో నెలల తరబడి కాపురం ఉంటుంది.

గ్రీన్ కార్డుతో సరిపెట్టుకున్న కొడుకు అమ్మానాన్నల్ని అమెరికాలో స్థిరపడేలా రప్పించుకునే పిటిషన్ వెయ్యలేడు. పౌరుడై ఉండాలి, ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. ఆ పిటిషన్‌కి వేసే ఐ-130 ఫారం కూడా అమ్మకొకటి, నాన్నకొకటి. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్లో ఒక్కోదానికి 625 డాలర్లు. "ఒకే ఇంట్లో ఉంటాం కదరా, ఒకటి చాలదా?" అంటారు నాన్నగారు. రేషన్ కార్డు కాదండీ ఇది. అన్నదమ్ముల కేసుల్లా ఏటా ఇన్నేనని ఇచ్చే వీసాల కోటా కోసం ఏళ్ల తరబడి వరసలో నిలబడక్కర్లేదు, అదొక్కటి నయం. అంటే అమెరికా గేటు తీసే ఉంది. తాళం పడింది ట్రంకు పెట్టెకే.

ముందు కొడుకు బర్త్ సర్టిఫికెట్ బయటికొస్తుంది. వీడు ఆవిడ కడుపునే పుట్టాడని చెప్పేది అదే. అందులో పిల్లవాడి పేరుండాల్సిన గడి ఖాళీ! ఆసుపత్రి వాళ్లు పుట్టిన రోజున రాసి పంపేశారు, మనం పేరు పెట్టింది ఇరవై ఒకటో రోజు బారసాలలో. ఆ తర్వాత మున్సిపాలిటీకి వెళ్లి పేరెక్కించాలని ఎవరికి తోచింది? తల్లి పేరు దగ్గర 'లక్ష్మమ్మ' అని ఉంది. పాస్‌పోర్టులో ఆవిడ 'వెంకట మహాలక్ష్మి'. గ్యాస్ పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరుతో ఇంకొకావిడ. ముగ్గురూ ఒక్కరేనని కోర్టు దగ్గర నోటరీతో అఫిడవిట్ రాయించాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో కుక్కించుకున్న వాళ్ల బాధ ఇంకోటి. అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరైపోయి, అసలు పేరు 'ఎఫ్ఎన్‌యూ' అవుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. పుట్టినప్పటి నుంచీ సుబ్బారావైన మనిషి అక్కడ దిగగానే మిస్టర్ ఎఫ్ఎన్‌యూ.

నాన్నగారి పిటిషన్‌కి పెళ్లి సర్టిఫికెట్ కూడా కావాలి. యాభై ఏళ్ల కాపురం అయ్యాక రిజిస్ట్రార్ ఆఫీసు బెంచీ మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ అయి కూర్చోవడంలో ఓ ముచ్చట ఉంది. శుభలేఖ ఏదని అడిగితే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఇవన్నీ పిల్లకాలవలు. అసలు గోదారి అమ్మ బర్త్ సర్టిఫికెట్. పిటిషన్ మంజూరై ఫైలు అమెరికాలోని నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్లాక, 325 డాలర్లు కట్టి డీఎస్-260 అనే వీసా దరఖాస్తు నింపాక అడుగుతారు దీన్ని. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిందే 1969లో. అమ్మగారు పుట్టింది 1952లో, తెనాలి దగ్గర పల్లెటూళ్లో, మంత్రసాని చేతుల్లో. రికార్డు ఉండదు. అలా లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తేవాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గుమస్తా 'రికార్డులో లేదు' అని ఒక్క ముక్క రాసి ముద్ర కొట్టేస్తాడు. ఎవరి రికార్డు లేదు? పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు అందులో ఉండి తీరాలి. లేకపోతే అది ఊళ్లో ఎవరూ పుట్టలేదన్న సర్టిఫికెట్ అవుతుంది.

దానికి తోడు బడి రికార్డు. అందులో పుట్టిన తేదీ జూలై 1. నాన్నగారిదీ జూలై 1. ఆ తరంలో సగం గుంటూరు జిల్లా పుట్టినరోజు ఆ రోజే చేసుకోవాలి. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకుంటే ఐదేళ్లు నిండినట్టు, మేష్టారు ఏదో తేదీ వేసినట్టు. ఆ తేదీని ఫారంలో మన అలవాటుగా 01-07 అని కొట్టారా, జనవరి 7 అయి కూర్చుంటుంది. వాళ్లకి నెల ముందు, రోజు తర్వాత.

ఇంకా బలం కావాలంటే పెద్దవాళ్ల అఫిడవిట్లు. 'ఈమె పుట్టడం నాకు తెలుసు' అని చెప్పేవాడు ఆమె కంటే పెద్దవాడై ఉండాలి. తన పుట్టిన తేదీ, చిరునామా, చుట్టరికం, ఎలా తెలుసో అన్నీ రాయాలి. తమ్ముడు ముందుకొస్తాడు పాపం, "అక్క పుట్టడం నాకు తెలీకపోవడమేంటి బావా" అని. నువ్వు పుట్టాకే కదా నీకు ఏదైనా తెలిసింది!

చివరికి అమ్మగారి మేనమామ దొరికారు. ఎనభై మూడేళ్లు, రిటైరైన మేష్టారు, జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు. "బెజవాడ ఆనకట్టకి గండి పడిన ఏడాది కాదుటే అమ్మాయ్! అప్పటికి నాకు పదేళ్లు" అన్నారు. ఆనకట్ట తెగింది 1952లోనే. సాక్ష్యం అంటే ఇదీ. నోటరీ ముందు సంతకం పెట్టారు, ఆధార్ జిరాక్సు జతచేశారు, స్కాన్ చేసి వాట్సాప్‌లో కొడుక్కి పంపారు.

రాత్రి పదకొండింటికి ఫోను. "నాన్నా, తాతయ్య ఆధార్ చూశారా?"

పుట్టిన తేదీ 01-01-1956. ఆధార్ దిగిన రోజు చేతిలో కాయితం లేక, ఎర్రగా బుర్రగా ఉన్న మేష్టార్ని చూసి ఆపరేటరు యాభై అయిదేసుకున్నాడు. ఆ లెక్కన మేనకోడలు పుట్టిన మూడున్నరేళ్లకి మేనమామ పుట్టి, వెనక్కి తిరిగి చూసి సాక్ష్యం చెబుతున్నారు.

"పెన్షన్ పుస్తకం ఉందిగా అల్లుడూ!" అన్నారు మామగారు తొణక్కుండా. నిజమే, పీపీవోలో, అంటే ఆ పెన్షన్ పుస్తకంలో, 1942 అనే ఉంది. కాకపోతే అందులో పేరు నాలుగు ఇనీషియల్సూ చివర ఒక రావూ. ఆధార్‌లో ఆ నాలుగూ విప్పి రాసి, రావుని వదిలేశారు. ఇద్దరూ ఒక్కరేనని ఆయనకీ ఓ అఫిడవిట్ కావాలి.

మర్నాడు పొద్దున్నే కోర్టు సందులో స్టాంపు పేపర్లమ్మే ఆయన కళ్లజోడు సర్దుకుని మేష్టారి వంక చూశాడు. "మొన్న రెండు తీసుకున్నారు, ఇవాళ రెండు. ఇంతకీ అమెరికా వెళ్లేది తమరేనా అండీ?"