డేవిడ్ లూయిజ్‌ను అపార్థం చేసుకోకండి

ఫుట్‌బాల్‌లో డిఫెండర్ అంటే గోల్ పడకుండా చూసేవాడని పాతకాలం వాళ్లెవరో రాసిపెట్టారు. ఆ మూఢనమ్మకాన్ని ఒంటిచేత్తో బద్దలుకొట్టిన సంఘసంస్కర్త బ్రెజిల్ వీరుడు డేవిడ్ లూయిజ్, కానీ ఆయనకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

2014లో పారిస్ క్లబ్ పీఎస్‌జీ ఆయన కోసం లండన్ క్లబ్ చెల్సీకి దాదాపు 5 కోట్ల పౌండ్లు ముట్టజెప్పింది. అప్పటిదాకా ఏ డిఫెండర్‌కీ ఎవరూ పెట్టని రేటు అది. సరుకు నాణ్యత ప్రపంచానికి తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. అదే ఏడాది జూలై 8, బెలో హొరిజోంటె, జర్మనీతో వరల్డ్ కప్ సెమీఫైనల్. అసలు కెప్టెన్ థియాగో సిల్వా సస్పెన్షన్‌లో ఉన్నాడు, కెప్టెన్ పట్టీ మనవాడి చేతికి వచ్చింది. గాయపడి ఆసుపత్రి పాలైన నెయ్‌మార్ జెర్సీని జాతీయగీతం అప్పుడు గోల్‌కీపర్‌తో కలిసి పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు బ్రెజిల్ డిఫెన్స్ దేన్నైనా గట్టిగా పట్టుకుందంటే ఆ చొక్కానే. 11వ నిమిషంలో కార్నర్ వచ్చేసరికి జర్మనీ ఆటగాడు ముల్లర్‌ని పలకరించడానికి కూడా పక్కన మనిషి లేడు, 29 నిమిషాలకల్లా 5 గోల్స్, చివరికి 7-1. కంచే చేను మేసిందని చాలామంది తిట్టారు గానీ అది అన్యాయం, కంచె ఆ టైమ్‌కి చేను దగ్గర లేనే లేదు, అవతలి పొలంలో పంట కోసుకొద్దామని వెళ్లింది.

పీఎస్‌జీలో ఏం జరిగిందంటారా? 2015 ఏప్రిల్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, బార్సిలోనా సువారెజ్‌కి కాళ్ల మధ్య నుంచి రెండుసార్లు దారి వదిలాడు, రెండూ గోల్సే. అతిథి మర్యాద అంటే అదీ.

ఈ కథలో అసలు మేధావి చెల్సీ అకౌంటెంట్. 5 కోట్లకు అమ్మిన మనిషిని రెండేళ్లకు సుమారు 3.4 కోట్లకు మళ్లీ కొన్నాడు, ఆ సీజన్‌లోనే ప్రీమియర్ లీగ్ కూడా గెలిచారు. (నిజం చెప్పాలంటే మనిషి పాస్ వేస్తే చూడముచ్చటగా ఉంటుంది, యూరప్ క్లబ్‌ల పోటీ చాంపియన్స్ లీగ్ 2012 మ్యూనిక్ ఫైనల్ షూటౌట్‌లో చెల్సీ తరఫున ఆయన కొట్టిన పెనాల్టీని ఎవరూ కాదనలేరు.)

తర్వాత మరో లండన్ క్లబ్ ఆర్సెనల్. 2019-20 లీగ్ సీజన్‌లో ఒక్కడే 5 పెనాల్టీలు సమర్పించాడు, అది రికార్డు. 2020 జూన్ 17న మాంచెస్టర్ సిటీ మీద 24వ నిమిషంలో దిగి, తొడకు తగిలిన బంతిని సిటీ ఆటగాడు స్టెర్లింగ్ ముందు పెట్టి, విరామం తర్వాత పెనాల్టీ ఇచ్చి, రెడ్ కార్డు తీసుకుని 49వ నిమిషానికి బయటికొచ్చాడు. పాతిక నిమిషాల్లో ఇంత పని చేసే ఉద్యోగి ఎక్కడ దొరుకుతాడు? క్లబ్ కూడా అలాగే అనుకున్నట్టుంది, వారం తిరిగేసరికి కాంట్రాక్టు ఏడాది పొడిగించింది. ఆగస్టులో ఇంగ్లండ్ క్లబ్‌ల నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ కూడా గెలిచాడు, అదీ చెల్సీ మీదే.

ఆ తర్వాత బ్రెజిల్ క్లబ్ ఫ్లమెంగో, 2022లో దక్షిణ అమెరికా క్లబ్‌ల కప్పు కోపా లిబెర్టడోరెస్. 2025లో, 38 ఏళ్ల వయసులో, సైప్రస్‌లోని పాఫోస్ తరఫున చాంపియన్స్ లీగ్‌లో మొనాకో మీద తలతో గోల్ కొట్టాడు. డిఫెన్స్ సంగతి మాత్రం అడక్కండి, ఆ మ్యాచ్ 2-2.