గినీ పిగ్ తుమ్ములకు అమాక్సిసిలిన్ సిరప్: చెలామణిలో ఉన్న ఒక సలహాకు ఖండన

గినీ పిగ్‌లను పెంచుకునే తెలుగువారి మధ్య వాట్సాప్‌లో ఒక సలహా తిరుగుతూ ఉంది. దాని సారాంశం ఇది: గినీ పిగ్ తుమ్ముతూ, ముక్కు కారుతూ, ఆయాసపడుతూ ఉంటే అది మామూలు జలుబే, పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్‌ను పూటకు రెండు చుక్కలు పోయాలి, కడుపు చెడకుండా కాస్త పెరుగు నాకించాలి, తుమ్ములు ఆగగానే మందు మానేయాలి, కుందేళ్లకూ ఇదే వైద్యం. పంపేవారి ఉద్దేశం మంచిదేనని నమ్ముతున్నాను. అయితే యాంటీబయాటిక్ అవసరం కావచ్చునన్న ఒక్క ఆలోచన తప్ప ఇందులో నిలబడే మాట లేదు, పైగా ఒక మాట ఆ జంతువు ప్రాణాన్నే తీయగలదు.

మొదట “మామూలు జలుబు” అన్న మాట చూద్దాం. గినీ పిగ్‌లలో ఈ లక్షణాల వెనుక తరచుగా ఉండేవి బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా, స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే అనే బాక్టీరియాలు. అవి ఊపిరితిత్తులకు దిగితే న్యుమోనియా అవుతుంది. ఈ జంతువు దాదాపు పూర్తిగా ముక్కుతోనే శ్వాసిస్తుంది కనుక ముక్కు మూసుకుపోవడమే దానికి పెద్ద ఆపద. వేటజంతువులకు ఆహారమయ్యే జాతి కావడంతో జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. మన కంటికి ఆయాసం కనిపించేసరికే వ్యాధి ముదిరి ఉండవచ్చు. గుండె జబ్బు వల్ల కూడా ఇలాంటి ఆయాసమే వస్తుంది. కొన్నిసార్లు ఎక్స్‌రే తీస్తే తప్ప తేడా తెలియదు, గుండె జబ్బుకు యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు.

ఇక అసలు ప్రమాదం అమాక్సిసిలిన్. ఇది పెన్సిలిన్ కుటుంబానికి చెందిన మందు. గినీ పిగ్ తిన్న గడ్డిని జీర్ణం చేసేది ప్రధానంగా దాని కడుపు కాదు, పెద్దపేగు మొదట్లో ఉండే సీకం అనే పెద్ద సంచి. అక్కడ కాపురముండే సూక్ష్మజీవులే పీచును పులియబెట్టి దానికి శక్తినిస్తాయి. వాటిలో అధికభాగం పెన్సిలిన్ జాతి మందులకు లొంగిపోయే రకాలే. నోటి ద్వారా ఇచ్చిన అమాక్సిసిలిన్ వాటిని తుడిచిపెట్టినప్పుడు, ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం డిఫిసిల్ వంటి బాక్టీరియా విజృంభించి విషాలను విడుదల చేస్తుంది. జంతువు మేత మానేస్తుంది, కొన్నిసార్లు నీళ్ల విరేచనాలు పడతాయి, తరచుగా కొద్ది రోజులలోనే చనిపోతుంది. యాంటీబయాటిక్ వాడిన మనుషులలో కొందరికి వచ్చే తీవ్రమైన విరేచనాలకు కూడా ఇదే బాక్టీరియా కారణం. గినీ పిగ్‌కు మాత్రం తట్టుకునే అవకాశం చాలా తక్కువ.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1940 మే నెలలో ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్ శక్తిని ఎలుకల మీద నిరూపించిన మూడేళ్లకే, అంటే 1943లోనే, అది గినీ పిగ్‌లను చంపుతోందని అమెరికా పరిశోధకులు ప్రచురించారు. ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా ఈ ప్రమాద జాబితాలోవే. అమాక్సిసిలిన్‌తో క్లావులానిక్ ఆమ్లం కలిపిన మాత్ర కుక్కలకు విరివిగా వాడేదే అయినా ఈ ప్రాణికి పనికిరాదు. కుక్కలు, పిల్లులనే ఎక్కువగా చూసే వైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు “ఇది పెన్సిలిన్ జాతి మందు కాదు కదా?” అని అడగడం మర్యాద తప్పడం కానే కాదు.

“మా దానికి పోశాం, బాగుపడింది” అనేవారు ఉన్నారు. ఈ సలహా బతికి ఉండడానికి వారి మాటే ఆధారం కనుక దానికి జవాబు చెప్పాలి. మందు పోసిన ప్రతి జంతువూ చనిపోదు, నిజమే. కానీ ఈ విషప్రభావం తొలి మోతాదుతోనే బయటపడదు. రెండో రోజుకు తుమ్ములు తగ్గవచ్చు, యజమాని సంతోషించి నలుగురికీ చెప్పవచ్చు; నాలుగో రోజునో, ఐదో రోజునో జంతువు మేత ముట్టకుండా పోతే ఆ మరణం జలుబు ఖాతాలో పడుతుంది, సిరప్ ఖాతాలో పడదు. బతికిన కథలు ఊరంతా తిరుగుతాయి, పోయినవాటి కథలు ఆ ఇంట్లోనే ఆగిపోతాయి.

పెరుగు మాటకు వద్దాం. పెరుగులోని లాక్టోబాసిల్లస్‌లు సీకంలో నశించిన జీవులకు బదులు కాలేవు, ఆ పీచును పులియబెట్టే పని వాటిది కాదు. పాల పదార్థాలు ఈ శాకాహారికి సహజాహారమూ కావు. పేగును కదలికలో ఉంచేది ఎండుగడ్డి, అది తినలేకపోతే వైద్యుడు చెప్పిన పీచు ఎక్కువగల మేతను సిరంజితో నోటికి అందించడం.

కుందేళ్ల ప్రస్తావన రెండింతల తప్పు. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ మందులు కుందేళ్లకూ ప్రమాదకరమే. అంతేగాక చాలా కుందేళ్లు, కొన్ని కుక్కలు బోర్డెటెల్లాను ఏ లక్షణమూ లేకుండానే మోస్తూ గినీ పిగ్‌కు అంటించగలవు. ఒకే బోనులో రెంటినీ పెంచవద్దనడానికి ఇదొక ముఖ్య కారణం.

చుక్కల లెక్క గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పిల్లల అమాక్సిసిలిన్ డ్రాప్స్‌లో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు, మామూలు సిరప్‌లో 25 మిల్లీగ్రాములు ఉండడం సాధారణం. ఏ సీసా అన్నది చెప్పకుండా “రెండు చుక్కలు” అనడానికి అర్థం లేదు. తుమ్ములు ఆగగానే మానేయమనడమూ అంతే. సరైన మందునైనా సాధారణంగా రెండు వారాలు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం వాడవలసి వస్తుంది. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

ఇదంతా చదివి యాంటీబయాటిక్‌లన్నీ గినీ పిగ్‌కు విషమేనని, తులసి రసంతో సరిపెట్టుకోవాలని అనుకుంటే అదీ అంతే ప్రమాదం. బాక్టీరియా న్యుమోనియాకు యాంటీబయాటిక్ కావలసిందే. ఎన్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్, ట్రైమెతోప్రిమ్ కలిపిన సల్ఫా మందులను పశువైద్యులు ఈ జంతువుకు వాడుతున్నారు. ఎదిగే గినీ పిగ్ పిల్లలకు ఎన్రోఫ్లాక్సాసిన్ వల్ల కీళ్ల మృదులాస్థి దెబ్బతినే అవకాశం ఉంది కనుక ఏది ఇవ్వాలో వయసు, తూకం చూసి వైద్యుడే తేల్చాలి. దానితోపాటు సి విటమిన్ కూడా ముఖ్యం. మనిషిలాగే గినీ పిగ్ కూడా దాన్ని శరీరంలో తయారు చేసుకోలేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కిలో తూకానికి రోజుకు సుమారు 10 మిల్లీగ్రాములు కావాలి, జబ్బులో అంతకన్నా చాలా ఎక్కువ. దుమ్ము లేచే రంపపు పొట్టును, మూత్రపు ఘాటును బోనులోంచి తీసేయకపోతే ఏ మందుకైనా ఊపిరితిత్తులు తేరుకోవడం కష్టం.

ఇప్పటికే సిరప్ పోసి ఉంటే మరో మోతాదు పోయకండి. ఏ మందు, ఎంత, ఎప్పుడు పోశారో రాసుకుని, సీసాతో సహా ఆ రోజే పశువైద్యుని దగ్గరకు వెళ్లండి, మందు పోసిన సంగతి దాచకండి. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. వంటింటి త్రాసు మీద రోజూ ఒకే వేళకు తూకం చూడండి. పెంటికలు తగ్గినా, పలచబడినా, మేత సగం రోజు ముట్టకపోయినా మర్నాటి దాకా ఆగకుండా మళ్లీ చూపించండి.