గోరు ఉంటేనే ఊడుతుంది

మా వియ్యాలవారు బరంపురం నుంచి వస్తున్నామని ఫోను చేసిన పూటే, మా అబ్బాయి పంపిన పార్సిలు కూడా ఒడిశాలోని మా పర్లాకిమిడి చేరింది. నా గోళ్లు పెరిగి ఉన్నాయి, పార్సిల్లోని గోళ్లు తీసే పరికరం కొత్తది, వేళ తక్కువ. ఇంతకంటే పీఠిక అవసరం లేదు.

నా బొటనవేళ్ల మొదట్లోని కీళ్లు అరిగిపోయాయి. వేలికొసలతో ఒక కిలో బలంతో దేన్నయినా అదిమితే ఆ కీలు మీద దాదాపు 12 కిలోల భారం పడుతుందని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి, మామూలు నెయిల్ కట్టర్‌ను చూస్తేనే నాకు చెయ్యి సలుపుతుంది. ఇటువంటి చేతుల కోసం ఏది కొన్నా, పని వేలికొసల మీది నుంచి అరచేతి మీదికి మారుతోందా లేదా అన్నది చూసుకోవాలి. పిడి లావుగా, తేలికగా, జారకుండా ఉండాలి. సన్నటి బ్రష్షు పిడికి స్పాంజి గొట్టం తొడిగినా ఎంతో సుఖం. భుజం పైకి లేవనివారికి పొడుగాటి పిడి ఉన్న దువ్వెన కావాలి. తిప్పే మూత ఉన్న సీసా కంటే నొక్కితే షాంపూ వచ్చే సీసా మేలు. ఈ లెక్కన మా ఊరికి పేరు తెచ్చిన కొమ్ము దువ్వెన పూర్తిగా పనికిరానిది, ఎందుకంటే పిడి లేని ఆ దువ్వెనను రెండు వేళ్ల మధ్య బిగించి పట్టుకోవాలి. అయినా మా ఆవిడ దాన్ని వదలదు.

అబ్బాయి పంపిన కట్టర్ మాత్రం పై లక్షణాలన్నీ ఉన్నది. వెడల్పాటి పలక, దాని కింద అతుక్కునే రబ్బరు గిన్నెలు, పైన అరచేతితో అదిమే మీట. ముందుగదిలోని అద్దపు టీపాయ్ మీద దాన్ని అతికించి, నొప్పి అన్నది తెలియకుండా గోళ్లన్నీ తీసుకున్నాను. తీరా పరికరాన్ని ఎత్తబోతే రాలేదు. కాగితం తీసి చదివితే, ప్రతి గిన్నె అంచునా ఉన్న చిన్న రబ్బరు కొసను గోటితో పైకి లేపవలెనని ఉంది. ఆ కొస బియ్యపు గింజంత ఉంది. దాన్ని లేపవలసిన గోళ్లు ఆ పలక మీదే ముక్కలై పడి ఉన్నాయి. కీళ్లవాతం ఉన్నవారి కోసం ప్రత్యేకంగా రూపొందించామని పెట్టె మీద అచ్చు వేయించిన మహానుభావుడు దాన్ని అతికించి చూశాడే గాని, గోళ్లు తీసుకున్న తరువాత ఊడదీసి చూసినట్టు లేదు. కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే, నేను ఒడియాలో మొరపెట్టుకున్నదంతా సావధానంగా విని, గోటితో లేపండి అని ఆ అమ్మాయి హిందీలో సెలవిచ్చింది.

ఇంతలో వియ్యాలవారు రానే వచ్చారు. నేను గబగబా టీపాయ్ మీద అల్లిక గుడ్డ కప్పాను. నడిమధ్య ఎత్తుగా ఉన్నదాన్ని చూసి దేవుడి విగ్రహం కాబోలనుకుని మా వియ్యపురాలు చెప్పులు గుమ్మం అవతల విడిచి వచ్చి, భక్తిగా దాని ఎదుటే కూర్చున్నారు. విషయం చెప్పక తప్పలేదు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మా వియ్యంకుడు, "ఇంతేనా బావగారూ!" అంటూ లేచి, పలకను రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపున ఎత్తారు. పరికరం ఊడలేదు. టీపాయ్ అద్దం మొత్తం చట్రంలోంచి లేచి, ఆయనతో పాటు నిలబడింది. అద్దాల కొట్టులో పెద్ద పలకలను మోసేది ఇటువంటి రబ్బరు గిన్నెలతోనే కనుక, ఆ కంపెనీ సరుకును ఈ విషయంలో తప్పుపట్టలేము. అయితే అద్దం ఒక పక్కకు ఒరగడంతో, నా గోటి ముక్కలు ఒక్కొక్కటే జారి వియ్యపురాలి పట్టుచీర కుచ్చిళ్ల మీద పడసాగాయి. ఆమె వాటిని చూశారు, నన్ను చూశారు, ఏమీ అనలేదు. మా ఆవిడ ఒక అంచు, నేను ఒక అంచు పట్టుకున్నాము. ఆ భంగిమలోనే వియ్యంకుడు మర్యాదగా, "ఎవరు కొన్నారు బావగారూ?" అని అడిగారు. "మా అబ్బాయి" అన్నాను. మా అబ్బాయి ఆయనకు అల్లుడు. నోటిదాకా వచ్చిన మాటను ఇద్దరమూ మింగుకున్నాము.

అద్దాన్ని ఎలాగో చట్రంలోకి దించాక, "అన్నయ్యగారూ, కాస్త జరగండి" అని వియ్యపురాలు మా ఆవిడ చేతిలోంచి కొమ్ము దువ్వెన అందుకుని, దాని పలుచటి కొసను రబ్బరు అంచు కిందికి నెట్టారు. గాలి దూరింది, గిన్నె టప్పుమంది. తక్కినవీ అలాగే ఊడివచ్చాయి. దువ్వెన పళ్లలో ఒకటి విరిగింది. మా ఆవిడ ఆ సంగతి ఇంకా మాట్లాడుతూనే ఉంది.

వియ్యంకుడు ఆ పరికరాన్ని అటూ ఇటూ తిప్పి, మీటను అరచేతితో అదిమి చూసి, "పొద్దున్న లేస్తే నా వేళ్లూ ముడుచుకోవు బావగారూ" అంటూ దాన్ని మళ్లీ అద్దం మీద పెట్టి గట్టిగా నొక్కారు.