పెద్దావిడే కదా, ఎవరు చూస్తారు అన్నాడు

మా వ్యాన్ కిటికీలకి కర్టెన్లు వేసిన కారు డెకరేషన్ షాపుకి నిన్న వెళ్లొచ్చాను. తలుచుకుంటే చేతులు ఇంకా వణుకుతున్నాయి. మా ఆయనతో చెబితే "పోనీ వదిలేయ్, వేరే చోట వేయిద్దాం" అంటున్నారు. నేను వదలను. ఆడవాళ్లు చదివేది ఇక్కడే కాబట్టి ఇక్కడే రాస్తున్నా.

శనివారం రాత్రి మా వ్యాన్‌లో పాడేరు దగ్గర వంజంగి కొండకి వెళ్లాం. అమ్మ, నేను, మా ఆయన. కింద బండి ఆపుకుని వెనక పరుపు మీదే పడుకున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకే మబ్బులు చూడటానికి జనం కొండ ఎక్కుతారు కదా. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కలేదు. మేమిద్దరం బయట టీ తాగుతున్నాం, తను లోపల చిన్న లైటు వేసుకుని చీర మార్చుకుంటోంది. అంతలో పక్క కిటికీ కర్టెన్ రాడ్డుతో సహా ఊడి పడింది. సరిగ్గా అప్పుడే పదిమంది కుర్రాళ్లు బండి పక్క నుంచి వెళ్తున్నారు. ఒకడి ఫోన్ లైటు తిన్నగా లోపలికి పడింది. అమ్మ కుచ్చిళ్లు సగంలో వదిలేసి, దుప్పటి లాక్కుని, మూలకి ఒదిగి కూర్చుండిపోయింది. నేను పరిగెత్తుకెళ్లి నా శాలువా అద్దానికి అడ్డం పట్టుకున్నాను. చీర కట్టుకోవడం అయ్యేదాకా అలాగే నిలబడ్డాను.

వచ్చేటప్పుడు దారంతా అమ్మ నోరు విప్పలేదు. చోడవరం దాటాక అంది, "ఇంక నేను రాను అమ్మీ, మీరిద్దరే ఎల్లండి" అని.

ఊడిన రాడ్డు పట్టుకుని నిన్న షాపుకి వెళ్లాను. జరిగింది చెప్పాను. అతను ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "పెద్దావిడే కదా మేడమ్, ఎవరు చూస్తారు?" అన్నాడు.

68 ఏళ్లు వస్తే ఒంటికి మరుగు అక్కర్లేదా? సిగ్గు, మర్యాద వయసులో ఉన్నవాళ్లకేనా? మా అమ్మ ఇంట్లో ఒక్కతే ఉన్నా గడియ పెట్టుకునే చీర మార్చుకుంటుంది. ఆమెని పట్టుకుని ఆ మాట ఎలా అన్నాడో నాకిప్పటికీ అర్థం కావట్లేదు.

ఆరు కిటికీలకి 6,500 తీసుకున్నాడు. చేసిన పని ఏమిటో తెలుసా? రాడ్డు బ్రాకెట్లని ప్లాస్టిక్ ప్యానెల్ మీద డబుల్ టేపుతో అంటించాడు. స్క్రూ అన్నది ఒక్కటి లేదు. మన వైజాగ్ ఎండలో నిలిపిన బండి లోపల వేసవిలో 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. మీద బరువైన గుడ్డ, కింద ఘాట్ రోడ్డు కుదుపులు. టేపు ఎన్నాళ్లు ఆగుతుంది? రోజూ బండ్ల మధ్యే బతికే మనిషికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. టేపు అయితే పది నిమిషాల్లో పని అయిపోతుంది, డ్రిల్ వేస్తే పూట పడుతుంది. అదీ అసలు విషయం. ఇక హుక్కులు మామూలు ఇనుపవి. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉన్న ఇల్లు మాది. ఉప్పుగాలికి రెండు నెలల్లోనే తుప్పు పట్టి, తెల్ల లైనింగ్ మీద ఎర్రటి మరకలు పడ్డాయి. స్టీలువో ఇత్తడివో వేస్తే ఎంత ఎక్కువవుతుంది?

గుడ్డ సంగతి చెబితే ఇంకా మంట. పగలు చూస్తే దళసరిగానే ఉంది. మొన్న రాత్రి నాకు అనుమానం వచ్చి, లోపల లైటు వేసి, మా ఆయన్ని కూర్చోబెట్టి, బయట వీధిలో నిలబడి చూశాను. ఆయన చెయ్యి ఎత్తితే చెయ్యి, కళ్లజోడు తీస్తే కళ్లజోడు, అంతా నీడలో కనిపిస్తోంది. అంటే ఇన్నాళ్లూ మేం కర్టెన్ వేసుకున్నాం అనుకుని బట్టలు మార్చుకున్న ప్రతిసారీ బయటివాళ్లకి ఇలాగే కనిపించామన్నమాట. ఆ ఆలోచన వచ్చాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బండిలో కర్టెన్లు వేయించుకున్నవాళ్లు దయచేసి ఇవాళే ఒక్కసారి ఇలా చూసుకోండి. పగలు చూసి మోసపోవద్దు. లైటు లోపల, చీకటి బయట ఉన్నప్పుడే గుడ్డ సంగతి తెలుస్తుంది.

దీనికి అతను చెప్పిన పరిష్కారం, "నల్ల ఫిల్మ్ వేయించుకోండి మేడమ్". 2012 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు అద్దాల మీద నల్ల ఫిల్మ్ అంటించకూడదని చెప్పింది. ముందూ వెనకా అద్దాలు 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుతురు లోపలికి రానివ్వాలని మోటారు వాహనాల నిబంధన. అందుకే మేం బండి కదిలేముందు కర్టెన్లన్నీ జరిపి కట్టేస్తాం. డ్రైవరుకి అడ్డం ఉండకూడదు, ఆపిన పోలీసుకి అనుమానం రాకూడదు. కర్టెన్ కావాల్సింది ఆగిన బండికి. అది చెబుతుంటే వినకుండా మళ్లీ ఫిల్మ్ రేటు చెబుతాడు.

అసలు ఆడవాళ్లు బండిలో చీర మార్చుకోవాల్సిన గతి ఎందుకు పట్టింది? కొండల మీద ఎక్కడ చూసినా సెల్ఫీ పాయింటు ఉంటుంది, చెక్క మెట్లుంటాయి, లవ్ గుర్తు బొమ్మ ఉంటుంది. బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది మాత్రం ఉండదు. కట్టడం చేతకాక కాదు. రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకి విదేశీ సంస్థ ఇచ్చే గుర్తింపు) రావాలంటే టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు ఉండాలన్నారు, కట్టారు. బయటివాళ్లు గుర్తింపు ఇస్తామంటే కడతారు, మన ఆడవాళ్లు అడిగితే కట్టరు. పిన్నీ, అత్తా, ఎవరైనా సరే, అరకు దారిలో టాయిలెట్ దొరకదని పొద్దున్నుంచి మంచినీళ్లు తాగకుండా కూర్చున్నవాళ్లు మీ ఇంట్లో లేరా?

నాకు ఇంత కోపం వచ్చింది ఈ ఒక్క కర్టెన్ వల్ల కాదు. ఇదే మాట నేను ఇంతకుముందు విన్నాను.

నా చిన్నప్పుడు కంచరపాలెంలో అద్దెకుండేవాళ్లం. నాలుగు వాటాలకి కలిపి వెనక ఒకే స్నానాల గది. దానికి తలుపు లేదు, గోనె పట్టా వేలాడేది. పట్టా అడుగు నేలకి జానెడు ఎత్తున ఉండేది, గాలి వస్తే పక్కకి తొలిగేది. అమ్మ స్నానానికి వెళ్తే నేను బయట నిలబడి ఆ పట్టా అంచు రెండు చేతులతో పట్టుకునేదాన్ని. నాకప్పుడు ఎనిమిదేళ్లు. బడికి టైమైపోతున్నా కదిలేదాన్ని కాదు. రెండేళ్లు అడిగింది అమ్మ, తలుపు పెట్టించమని. ఇంటి ఓనరు చివరికి "ఇద్దరు పిల్లల తల్లివి, నిన్నెవరు చూస్తారమ్మా?" అన్నాడు. అప్పుడు అమ్మకి ముప్పై కూడా నిండలేదు. అప్పుడు పిల్లల తల్లి, ఇప్పుడు పెద్దావిడ. మరి మా అమ్మకి తలుపు ఎప్పుడు దక్కుతుంది? ఆదివారం తెల్లవారుజామున శాలువా పట్టుకుని నిలబడినప్పుడు, నా చేతుల్లో ఉన్నది ఆ గోనె పట్టాయే అనిపించింది. అందుకే నిన్న షాపులో అరిచాను. అరిచినందుకు నాకు బాధ లేదు.

డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు. ఉంచుకోమన్నాను. ఇక నా చేత్తోనే చేసుకుంటా.

ప్రస్తుతం హాలంతా పేపర్లు పరిచి ఉన్నాయి. బండి కిటికీలు చూడటానికి నలుచదరంగా ఉంటాయి గానీ కాదు. మూలలు గుండ్రంగా, ఒక వైపు వాలుగా ఉంటాయి. టేపుతో పొడవూ వెడల్పూ కొలిస్తే సరిపోదు, ఒక్కో అద్దానికీ పాత పేపరు ఆనించి గీసుకుని కత్తిరించాలి. కురుపాం మార్కెట్ దగ్గర బ్లాక్‌అవుట్ క్లాత్ తెచ్చాను. కొనేముందు షాపులోనే ఫోన్ టార్చి వెనక పెట్టి చూశాను, చుక్క వెలుతురు రాలేదు. లోపలి వైపుకి కాటన్ వేస్తున్నా. దాన్ని రాత్రే నానబెట్టి ఆరేశాను, కుట్టాక ఉతికితే కుదించుకుపోకుండా.

బండి గోడ పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలి ఉంటుంది కాబట్టి పైన మాత్రమే కడితే గుడ్డ అద్దానికి దూరంగా వేలాడి పక్కల సందు వస్తుంది. అందుకే పైనా కిందా రెండు వైపులా కర్టెన్ స్ప్రింగ్ వేస్తున్నాం. స్ప్రింగ్‌ని కొలత కంటే కాస్త తక్కువగా కోస్తేనే బిగుతుగా ఉంటుంది, మధ్యలో కిందకి జారదు. హుక్కులు స్టీలువి, ప్లాస్టిక్‌లోకి కాదు, వెనకున్న రేకులోకి స్క్రూలు. వైర్లు ఎక్కడ వెళ్తున్నాయో మా ఆయన ప్యానెల్ విప్పి చూసి గుర్తులు పెట్టారు. అంచుల్లో చిన్న అయస్కాంతాలు కుడుతున్నా, రేకు కనిపించే చోట అవే టక్కున అంటుకుంటాయి. రేకు లేని చోట టిచ్ బటన్లు.

అమ్మ పొద్దున్నుంచి గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఏ రంగు కావాలని అడిగితే ఏదైనా పర్వాలేదంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక తనే వచ్చి, నేను కుడుతున్న గుడ్డ అంచు పట్టుకుని చూసి అడిగింది, "లోపల్నించి కట్టుకోడానికి ఏటైనా ఉంటదేటే?" అని.

ఒక్కో కర్టెన్‌కి లోపలి వైపు రెండేసి నాడాలు కుడుతున్నా. ఇప్పటికి నాలుగు కిటికీలు అయ్యాయి.